సామ్రాజ్యం పడిపోయిన సంవత్సరం అని ఒకటి రాయొచ్చా?

శిలాశాసనం:
చిన్న సందేహంతో మొదలుపెడుతున్నాను, ముదిరితే నా పూచీ లేదు. చరిత్ర పుస్తకాల్లో ప్రతి సామ్రాజ్యానికీ ఒక పతనం తేదీ ఉంటుంది. పశ్చిమ రోమ్ 476, బాగ్దాద్ 1258, కాన్‌స్టాంటినోపుల్ 1453, విజయనగరం 1565. పరీక్షలకి బట్టీ పట్టడానికి బాగానే ఉంటాయి. కాస్త లోపలికి వెళ్తే మాత్రం ఒక్కటీ గట్టిగా నిలబడదు.

476 సంగతే చూడండి. ఒడోఆకర్ అనే సేనాని రోములస్ అగస్టులస్ అనే కుర్రాడిని గద్దె దింపాడు. చంపలేదు కూడా, బతకడానికి ఏర్పాటు చేసి పంపేశాడు. రాజచిహ్నాలు కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్న జీనో చక్రవర్తికి చేరాయి. ఇక్కడ వేరే చక్రవర్తి అక్కర్లేదు, మీరొక్కరే చాలని కబురు. రోమ్ సెనేట్ ఆ తర్వాతా నడిచింది. పైగా జూలియస్ నెపోస్ అనే ఇంకో చక్రవర్తి 480 దాకా డాల్మేషియాలో ఉన్నాడు, తూర్పు వాళ్ల దృష్టిలో అసలు చక్రవర్తి అతనే. మరి ఆ ఏడాది పడింది ఏమిటి? పతనం అని చెప్పాలంటే దేన్ని చూసి చెప్పాలి?

కోటగుమ్మం:
రాజధాని పోయిందా లేదా అన్నది చూడాలి. మిగతాదంతా పండితుల కాలక్షేపం. అస్సీరియా ఏమైంది? అషుర్‌బనిపాల్ రాజు కాలంలో ఈజిప్టు నుంచి ఇరాన్ కొండల దాకా గడగడలాడించారు. అతను పోయి ఇరవై ఏళ్లు తిరిగేసరికి, క్రీ.పూ. 612లో మీడియన్లు, బాబిలోనియన్లు కలిసి నినెవెను తగలబెట్టారు. హరాన్‌కి పారిపోయి మిగిలినవాళ్లు మూడేళ్లు లాగారు, అక్కడితో సరి. రెండు శతాబ్దాల తర్వాత గ్రీకు సేనాని జెనోఫన్ తన సైన్యంతో ఆ శిథిలాల పక్క నుంచే వెళ్లాడు. ఇది ఒకప్పుడు మీడియన్ల పట్నం అని రాసుకున్నాడు. అస్సీరియా పేరే ఎత్తలేదు! ప్రపంచాన్ని ఏలిన నగరం పేరు చెప్పేవాడు కూడా అక్కడ లేడన్నమాట. పతనం అంటే ఇదీ.

లెక్కల_పుస్తకం:
కోటగుమ్మం గారూ, అస్సీరియా మీకు బాగా కలిసొచ్చిన ఉదాహరణ. అన్నీ అలా ఉండవు.

నేను చూసేది ఒక్కటే: మారుమూల రాష్ట్రంలో వసూలైన శిస్తు కేంద్రానికి చేరుతోందా, ఆ డబ్బుతో సైనికుడికి జీతం అందుతోందా? ఈ రెండూ ఆగిన రోజున సామ్రాజ్యం అయిపోయినట్టే. రాజధాని ఎప్పుడు కాలిందన్నది ఆ తర్వాతి ముచ్చట.

పశ్చిమ రోమ్‌నే తీసుకుంటే నా లెక్కలో అసలు సంవత్సరం 439. ఆ ఏడాది వాండల్స్ అనే జర్మానిక్ తెగవాళ్లు కార్తేజ్‌ని పట్టుకున్నారు. ఉత్తర ఆఫ్రికా రోమ్ నగరానికి ధాన్యాగారం, పశ్చిమ ఖజానాకి ఆయువుపట్టు. అది పోయాక ఇటలీలో సైన్యాన్ని పోషించడానికి డబ్బు ఎక్కడిది? వాలెంటీనియన్ చక్రవర్తి కొన్నేళ్లకే కొత్త పన్నులు వేస్తూ, ఉన్న సైనికులకే తిండీ బట్టా సరిగ్గా ఇవ్వలేకపోతున్నామని చట్టంలోనే ఒప్పుకున్నాడు. ఆఫ్రికాని తిరిగి తెచ్చుకోవడానికి 468లో తూర్పు, పశ్చిమ ప్రభుత్వాలు కలిసి పెద్ద నౌకాదళాన్ని పంపాయి. బాసిలిస్కస్ నాయకత్వంలో వెళ్లిన ఆ ఓడల్ని వాండల్స్ నిప్పుపెట్టిన పడవలు తోసి తగలబెట్టారు. అక్కడితో ఆఖరి ఆశ పోయింది. ఎనిమిదేళ్ల తర్వాత ఒడోఆకర్ చేసింది తాళం వేయడమే. అతని సైనికులు అడిగింది కూడా భూములు. జీతాలు వచ్చేట్టుంటే భూములు ఎందుకు అడుగుతారు?

విదూషక:
అంటే సామ్రాజ్యాల్ని కూల్చేది అకౌంట్స్ సెక్షన్ అంటారు. బాగుంది.

లెక్కల_పుస్తకం:
విదూషక గారూ, నవ్వుతూ అన్నా నిజమే అన్నారు.

పాత_నాణెం:
లెక్కల_పుస్తకం గారి మాటకి నాణేల వైపు నుంచి సాక్ష్యం చెప్తాను. అగస్టస్ కాలపు డెనారియస్ దాదాపు స్వచ్ఛమైన వెండి. 260ల చివర్లో, గాలియెనస్ చక్రవర్తి పాలన ముగిసేసరికి చెలామణిలో ఉన్న ఆంటోనినియానస్ నాణెంలో వెండి వందకి అయిదు పాళ్లు కూడా లేదు. రాగి బిళ్ల మీద వెండి పూత అనుకోండి. చేతికి వచ్చేటప్పుడు తెల్లగా మెరుస్తుంది, కొన్నాళ్లు చేతులు మారితే అరిగి లోపలి రాగి రంగు చక్రవర్తి ముక్కు దగ్గర, చెంప దగ్గర బయటపడుతుంది. ఎత్తుగా ఉండే చోట ముందు అరుగుతుంది కదా. జనం పాత నాణేలు దాచుకుని కొత్తవి ఖర్చు పెట్టారు. యూరప్‌లో ఈనాటికీ పొలాల్లో కుండల కొద్దీ దొరికే రోమన్ నాణేల్లో ఆ శతాబ్దానివి ఎక్కువ.

అయితే చిత్రం ఏమిటంటే, ఇంత దివాలా తీసినా రోమ్ అప్పుడు కూలలేదు. డయోక్లెటియన్ వచ్చి పన్నుల పద్ధతి మార్చాడు, 301లో ధరలకి గరిష్ఠ పరిమితి కట్టాడు (అది పనిచేయలేదు), సైన్యానికి కావలసింది సరుకు రూపంలో వసూలు చేశాడు. పశ్చిమం ఇంకో 170 ఏళ్లు నడిచింది. కాబట్టి ఖజానా ఖాళీ అవగానే సామ్రాజ్యం పోదు. వసూలు చేసే యంత్రాంగం బతికుంటే మళ్లీ నిలదొక్కుకుంటుంది.

చదువుతూ_ఉంటా:
ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్ని, ఇప్పుడు అడక్కుండా ఉండలేకపోతున్నాను. చైనాలో టాంగ్ వంశం కాలంలో ఆన్ లుషాన్ అనే సేనాని తిరుగుబాటు వల్ల 3.6 కోట్ల మంది చనిపోయారని ఒక చోట చదివాను. అప్పటి ప్రపంచ జనాభాలో అది ఎంత పెద్ద భాగం! అంత మంది పోతే ఇక జీతాల లెక్క ఏమిటి, ఆ దేశమే మిగలదు కదా?

లెక్కల_పుస్తకం:
మంచి ప్రశ్న వేశారమ్మా. ఆ 3.6 కోట్లు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే నా వాదన మొత్తం అందులోనే ఉంది.

755లో టాంగ్ ప్రభుత్వ రిజిస్టర్లలో ఉన్న జనం సుమారు 5.29 కోట్లు. తిరుగుబాటు అణిగాక 764లో రాసిన లెక్క 1.69 కోట్లు. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి, తేడా అంతా చచ్చిపోయినవాళ్లే అని ఎవరో తేల్చేశారు, అదే అందరూ తిప్పుతున్నారు. ఆ రిజిస్టర్లు మనం అనుకునే జనగణన కాదు, పన్ను కట్టవలసిన ఇళ్ల జాబితా. యుద్ధంలో లక్షలమంది చచ్చిపోయారు, కరువుతో ఇంకా చాలామంది పోయారు, కాదనను. కానీ ఊళ్లొదిలి దక్షిణానికి వలసపోయినవాళ్లు, పెద్ద భూస్వాముల పంచన చేరి పేరు రాయించుకోనివాళ్లు, మాట వినని సేనానుల చేతిలో ఉండిపోయిన ఈశాన్య రాష్ట్రాలు, వీళ్లంతా కూడా ఆ తేడాలో ఉన్నారు. జనం ఉన్నారు, ప్రభుత్వానికి కనపడటం లేదు.

అలాంటి దెబ్బ తిన్నాక కూడా టాంగ్ 907 దాకా నిలిచింది. ఎలా అంటే ఉప్పు. మనుషుల్ని లెక్కపెట్టలేనప్పుడు మనుషులందరూ కొనక తప్పని వస్తువు మీద పట్టు బిగించారు. 758లో ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం పెట్టారు. ఉప్పు తయారయ్యే చోటే ధరలో పన్ను కలిపి వ్యాపారులకి అమ్మేవారు. వ్యాపారి దాన్ని మాట వినని సేనాని ఇలాకాలో అమ్ముకున్నా పన్ను ముందే కేంద్రానికి చేరిపోయింది! కొద్ది దశాబ్దాల్లోనే కేంద్రం రాబడిలో సగానికి పైగా ఉప్పుదే. 780లో యాంగ్ యాన్ అనే మంత్రి భూమి పన్నునీ మార్చాడు. తలసరి లెక్క వదిలేసి ఆస్తిని బట్టి ఏడాదికి రెండు వాయిదాల్లో వసూలు.

విదూషక:
ఉప్పు తిన్న విశ్వాసం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

లెక్కల_పుస్తకం:
విశ్వాసం ఎక్కడిది, దొంగరవాణా. ధర పెంచేకొద్దీ చాటుగా ఉప్పు అమ్మేవాళ్ల ముఠాలు పెరిగాయి. ఆయుధాలు, గుర్రాలు, దారులు, మనుషులు, అన్నీ వాళ్ల దగ్గర సిద్ధం. 881లో రాజధాని చాంగాన్‌ని పట్టుకుని చక్రవర్తినని ప్రకటించుకున్న హువాంగ్ చావో ఎవరనుకున్నారు? ఉప్పు దొంగరవాణా చేసినవాడే. సామ్రాజ్యాన్ని 120 ఏళ్లు నిలబెట్టిన ఏర్పాటే దాన్ని కూల్చే సైన్యాన్నీ తయారుచేసింది.

చదువుతూ_ఉంటా:
ఇది ఏ పుస్తకంలోనూ ఇలా చెప్పలేదండీ. మరి మిగిలిన జనం సంగతి? రిజిస్టర్‌లో లేనివాళ్లకి పన్ను బాధ తప్పింది కాబట్టి వాళ్లు సుఖపడ్డారనుకోవాలా?

నైరుతిగాలి:
ఇక్కడే నేను కల్పించుకుంటాను. ఈ మధ్య ఒక ఫ్యాషన్ వచ్చింది, సామ్రాజ్యం పోతే రైతుకి మంచిదే, పీడ వదిలింది అని. కొన్ని చోట్ల నిజం కావచ్చు. బ్రిటన్‌ని చూడండి. 410 ప్రాంతంలో రోమ్ అధికారం అక్కడ ముగిసింది. అంతకు కొన్నేళ్ల ముందే సైన్యం జీతాలకి వచ్చే నాణేల రాక ఆగింది. ఒకటి రెండు తరాల్లో చక్రం మీద చేసిన కుండలు మాయం. ఇటుకలు కాల్చడం, రాయీ సున్నంతో కట్టడం మరిచిపోయారు. ఇవి రాజుల భోగాలు కావు. అంతకుముందు మామూలు రైతు ఇంట్లో కూడా మంచి కుండ, పెంకు కప్పు ఉండేవని తవ్వకాలు చెబుతున్నాయి. సైనికుడి జీతం ఊళ్లో ఖర్చయ్యేది, దానితో కుమ్మరి బతికేవాడు, ఆ కుండ రైతు ఇంటికొచ్చేది. మొదటి కొస తెగితే చివరిదాకా జారిపోయింది.

కాబట్టి పతనం ఎవరి ఇంట్లో జరిగిందో కూడా అడగాలి. ఇటలీలో 476 నాటి రైతుకి పెద్ద మార్పు తెలిసి ఉండదు. అదే రైతుని 540లకి తీసుకురండి. రోమ్‌ని తిరిగి ‘విముక్తం’ చేస్తానని తూర్పు రోమ్ చక్రవర్తి జస్టినియన్ పంపిన సైన్యం గోథులతో దాదాపు ఇరవై ఏళ్లు అతని పొలాల్లో యుద్ధం చేసింది. మధ్యలో 541లో మొదలైన ప్లేగు. ఇటలీని నిజంగా నేలమట్టం చేసింది ఆ పునరుద్ధరణే అని నా అభిప్రాయం.

కోటగుమ్మం:
మీరంతా లెక్కలంటారు, కుండలంటారు. దక్షిణ అమెరికాలో ఇంకాలకి ఏం తక్కువైంది? పగ్గాల ముడుల్లో, అదే కీపు తాళ్లలో, గింజ గింజకీ లెక్క. గోదాములు నిండుగా ఉన్నాయి. 1532లో స్పెయిన్ నుంచి వచ్చిన పిజారో 168 మందితో కహమార్కాలో ఇంకా చక్రవర్తి అటహువాల్పాని పట్టుకున్నాడు, అయిపోయింది. ఆ తర్వాత పదిహేనేళ్లకి కూడా స్పెయిన్ సైన్యం ఒకటి హౌహా లోయలో ఇంకాల గోదాముల్లో మిగిలిన ధాన్యంతో బతికింది. యంత్రాంగం బ్రహ్మాండంగా పనిచేస్తున్నా సామ్రాజ్యం పోయింది. దీనికేమంటారు?

లెక్కల_పుస్తకం:
మంచి దెబ్బే కొట్టారు. ఇంకాల విషయంలో నా సూత్రం అలాగే అతకదు, నిజం. అయితే ఆ 168 మందీ వచ్చేసరికి వారసత్వ యుద్ధం అప్పుడే ముగిసింది. అటహువాల్పా, అతని సోదరుడు వాస్కార్ దేశాన్ని రెండుగా చీల్చుకున్నారు. మశూచి లాంటి కొత్త జబ్బులు స్పెయిన్ వాళ్లకంటే ముందే అక్కడికి చేరాయని చాలామంది పండితుల మాట. ఇంకాల పాలన మీద కోపంతో ఉన్న వాంకా లాంటి జాతులు స్పెయిన్ వైపు చేరి వేలమంది సైనికుల్నీ, మోతగాళ్లనీ ఇచ్చాయి. ఆ సాయం కూడా వాళ్లు కీపు ముడుల్లోనే లెక్క రాసుకుని, తర్వాత స్పెయిన్ కోర్టులో దాఖలు చేశారు! గోదాములు అలాగే ఉన్నాయి, తాళంచెవి వేరేవాడి చేతికి పోయింది.

శిలాశాసనం:
అంటే లోపల చీలిక ఉంటే తప్ప బయటివాడు కూల్చలేడన్న పాత మాటకే వచ్చామా?

పాత_నాణెం:
పూర్తిగా అలా కాదు. కాన్‌స్టాంటినోపుల్ చూడండి, అక్కడ చీలికకంటే ముందు బేరం ఉంది. 1082 ప్రాంతంలో తూర్పు రోమ్, అదే బైజాంటిన్, చక్రవర్తి అలెక్సియోస్ నార్మన్ల మీద యుద్ధానికి వెనిస్ నౌకలు కావాలని, ఆ వర్తకులకి సుంకం మాఫీ చేశాడు. ఆ రోజుకి తెలివైన పనే. సొంత వర్తకుడు సుంకం కట్టి, పరాయివాడు కట్టకుండా వ్యాపారం చేస్తే చివరికి ఎవరు మిగులుతారు? 1204లో అదే వెనిస్ ఓడల మీద వచ్చిన క్రూసేడర్లు నగరాన్ని దోచారు. 1261లో బైజాంటిన్లు నగరాన్ని తిరిగి గెలుచుకున్నారు కానీ రేవు పోయింది. 14వ శతాబ్దం మధ్యలో, ఎదురుగా ఉన్న జెనోవావాళ్ల గలాటాలో ఏటా 2 లక్షల హైపర్‌పైరాన్ల (బంగారు నాణేల) సుంకం వసూలైతే, కాన్‌స్టాంటినోపుల్‌కి దక్కింది 30 వేలని అప్పటి చరిత్రకారుడు గ్రెగోరాస్ రాశాడు. మధ్యలో ఉన్నది ఒక పాయ నీళ్లు. రాజభవనం కిటికీలోంచి తన రాబడి ఇంకొకడి రేవులో దిగడం చూస్తూ కూర్చున్నాడు చక్రవర్తి. 1453లో ఒట్టోమన్ సుల్తాన్ మెహ్మద్ ఫిరంగులు కొట్టిన గోడల వెనక సుమారు యాభై వేల జనాభా ఉన్న నగరం ఉంది, ఒకప్పటి నగరంలో పదో వంతు.

నైరుతిగాలి:
బాగ్దాద్‌దీ ఇంచుమించు అదే తంతు. 1258లో మంగోలు హులాగు వచ్చాడని అందరికీ తెలుసు. 945లోనే ఇరాన్ వైపు నుంచి బువాయిద్ వంశపు సేనానులు నగరంలోకి వచ్చి ఖలీఫాని బొమ్మని చేసి కూర్చోబెట్టారని తక్కువమంది చెబుతారు. అంతకు కొన్నేళ్ల ముందు ఇబ్న్ రాయిక్ అనే సేనాని తన మీదికి వస్తున్న శత్రువుని ఆపడానికి నహ్రవాన్ కాలువ గట్టు తెగ్గొట్టాడు. శత్రువు ఎలాగూ వచ్చాడు. కాలువ కింది పొలాలు ఎండిపోయాయి. జీతాలివ్వడానికి డబ్బు లేక సైనికులకి గ్రామాల శిస్తు రాసిచ్చారు. శిస్తు మాత్రమే తనది, ఊరు తనది కాదనుకున్న సైనికుడు కాలువ పూడిక ఎందుకు తీయిస్తాడు?

విదూషక:
విజయనగరం సంగతి ఎవరూ ఎత్తరేం? మనవాళ్లని వదిలేసి ఊరంతా తిరుగుతున్నారు.

శిలాశాసనం:
నేనే ఎత్తుదామనుకుంటున్నా. 1565 జనవరిలో రామరాయలు యుద్ధంలో చనిపోయాడు, తమ్ముడు తిరుమల రాయలు ఖజానా ఏనుగుల మీద వేసుకుని పెనుకొండకి వెళ్లిపోయాడు. రెండేళ్ల తర్వాత విజయనగరానికి వచ్చిన వెనిస్ వర్తకుడు చేజారే ఫెడెరీచి, ఇళ్లు ఇంకా నిలబడే ఉన్నాయనీ, లోపల మనుషులు లేరనీ, పులులూ అడవి మృగాలూ తిరుగుతున్నాయనీ రాశాడు. పూర్తిగా కాల్చి బూడిద చేశారని మనం ఊహించుకునే బొమ్మకి ఇది సరిపోదు. సుల్తానులు దోచుకుని పోయారు, నిజమే. రాజు, సైన్యం, దేవిడీ ఖర్చు వెళ్లిపోయాక వర్తకుడు అక్కడ ఎవరికి అమ్ముకోవాలి?

రాజ్యం మాత్రం పెనుకొండ, చంద్రగిరి, వెల్లూరు అంటూ దాదాపు ఎనభై ఏళ్లు నడిచింది. 1586 నుంచి 1614 దాకా ఏలిన రెండో వెంకటపతి రాయలు చిన్న రాజేం కాదు. ఆయన పోయాక వారసత్వ గొడవలో రాజకుటుంబాన్నే చంపుకున్నారు. అది 1616-17లో తోపూరు యుద్ధం దాకా వెళ్లింది. నన్నడిగితే విజయనగరానికి ప్రాణాంతకమైన దెబ్బ తోపూరు. దాని పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు.

కోటగుమ్మం:
తోపూరు దాకా రాజ్యం ఉందంటే పేరుకే. మదురై, తంజావూరు, జింజి నాయకులు ఎప్పటి నుంచో సొంతంగానే ఏలుతున్నారు.

శిలాశాసనం:
ఏలారు, కానీ రాయల పేరు వదల్లేదు కదా. తోపూరులో తంజావూరు రఘునాథ నాయకుడు రాయల వారసుడి పక్షానే పోరాడాడు. శాసనాల్లో నాయకులు రాయల్ని తలుచుకుంటూనే ఉన్నారు. తంజావూరు కావేరి ఒడ్డున తెలుగు యక్షగానాలూ కావ్యాలూ పుట్టాయంటే అది 1565లో ‘పోయిన’ రాజ్యం ఇచ్చిందే. వరహా నాణేన్ని తర్వాత ఇంగ్లీషు కంపెనీ కూడా ముద్రించుకుంది, బజారులో దానికే విలువ మరి.

చదువుతూ_ఉంటా:
ఇంకొక్క ప్రశ్న. సామ్రాజ్యం పోయాక ఏది మిగులుతుంది, ఏది పోతుంది అన్నదానికి ఏమన్నా పద్ధతి ఉందా? అశోకుడి శాసనాలు రాళ్ల మీద ఉన్నా చదవగలిగేవాళ్లు లేకుండా పోయారు కదా.

నైరుతిగాలి:
ఫిరోజ్ షా తుగ్లక్ 14వ శతాబ్దంలో అశోక స్తంభాల్ని ఢిల్లీకి తరలించి, వాటి మీద ఏముందో చదివించాలని చూస్తే ఒక్క పండితుడి వల్లా కాలేదు. 1837లో ప్రిన్సెప్ ఆ లిపిని విప్పేదాకా అవి బొమ్మల్లాగే ఉన్నాయి. ‘అశోక’ అన్న పేరు స్పష్టంగా ఉన్న మస్కి శాసనం 1915లో కానీ దొరకలేదు. అంత గొప్ప మాటలు మౌనంగా ఉండిపోయాయి.

అదే అశోకుడి రాజ్యం కట్టిన చెరువు కథ వేరు. గుజరాత్‌లో గిర్నార్ కొండ దగ్గర ఒక బండ ఉంది. దాని మీద అశోకుడి శాసనాలున్నాయి. అదే బండ మీద సుమారు 150లో శక క్షత్రపుడు రుద్రదాముడు రాయించిన సంస్కృత శాసనం ఉంది. అక్కడి సుదర్శన తటాకాన్ని చంద్రగుప్త మౌర్యుడి అధికారి పుష్యగుప్తుడు కట్టించాడనీ, అశోకుడి కాలంలో తుషాస్ఫుడనే యవన అధికారి దానికి కాలువలు వేయించాడనీ ఆ శాసనమే చెబుతుంది. పెద్ద తుఫానుకి గట్టు 420 మూరల మేర, 75 మూరల లోతున తెగిపోయింది. ఇంత ఖర్చు మన వల్ల కాదని మంత్రులే వద్దన్నారట. ఇది కూడా దాచకుండా చెక్కించాడు చూడండి, అందుకే ఆ శాసనం అంటే నాకు ఇష్టం. జనం మీద పన్నులు వేయకుండా, వెట్టి చేయించకుండా తన ఖజానాలోంచే గట్టు కట్టించానని చెప్పుకున్నాడు.

మౌర్యులు పోయి అప్పటికి మూడు వందల ఏళ్లు దాటింది. రుద్రదాముడికి వాళ్లతో చుట్టరికం లేదు, భాష వేరు, వంశం వేరు. కింద పొలాలు ఉన్నాయి, వాటి శిస్తు కావాలి.

లెక్కల_పుస్తకం:
చూశారా, మళ్లీ శిస్తే.

నైరుతిగాలి:
శిస్తేనండీ, ఒప్పుకుంటా! ఇంకో మూడు వందల ఏళ్లకి, స్కందగుప్తుడి కాలంలో 455-56 వానలకి అదే గట్టు మళ్లీ తెగింది. ఈసారి గుప్తుల అధికారి పర్ణదత్తుడి కొడుకు చక్రపాలితుడు రెండు నెలల్లో బాగుచేయించి, అదే బండ మీద మూడో శాసనం చెక్కించాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకి గుప్తులూ పోయారు. అక్కడ నాలుగో శాసనం లేదు.